శ్రమల దినములలో పిల్లలకు ఏ కథ చెప్పాలి?

(రేడియోలో ప్రసారమైన వర్తమానము)

వాక్యభాగము: మార్కు సువార్త 5:21-43

 

నేను సికింద్రాబాదు ప్రక్కన కాప్రాలో ఉంటున్నాను. నేను పాస్టరును కాను, వేదాంత కళాశాలలో చదువుకొన్నదానను కాను. బడిలో పంతులమ్మగా పని చేసి రిటైరు అయ్యాను. అయితే 27 సంవత్సరములుగా మా సంఘములో సండే స్కూలు పిల్లలకు బైబిలు కథలు చెప్తున్నాను. కనుక ఈ రోజు పెద్ద ప్రసంగము చేయను. ఒక కథను నేను తప్పుగా చెప్పిన సంగతి, ఆ తప్పును ఒక చిన్నపిల్ల నాకు చూపించిన సంగతి మీతో పంచుకొంటాను. మీరు తల్లిదండ్రులైనా, తాతయ్య నాయనమ్మలైనా, సండే స్కూలు టీచర్లైనా దయచేసి కొంచెము శ్రద్ధగా వినండి. ఎందుకంటే నేను చేసిన తప్పు మనలో చాలామంది మంచి మనసుతోనే చేస్తున్నాము.

ఆదివారము లెక్కలోనికి రాదు

శ్రమల దినములు మా ప్రాంతములో ఎలాంటి రోజులలో వస్తాయో మీకు తెలుసు. ఒంటిపూట బడులు మొదలవుతాయి. పదవ తరగతి పిల్లలు పరీక్షల భయముతో ఉంటారు. కాప్రా చెరువు వైపు పొద్దున్నే నడుస్తుంటే ఎండుటాకులు కాళ్ళక్రింద చప్పుడు చేస్తాయి. అదే చోట నిలబడి తల పైకెత్తితే రావిచెట్టు చిగురు రాగి రంగులో మెరుస్తూ ఉంటుంది, వేపచెట్టు పూతకు సిద్ధమవుతూ ఉంటుంది. ఆకు రాలేది, చిగురు వచ్చేది ఒకే కాలములో. ఇంగ్లీషులో 'లెంట్' అనే మాటకు పూర్వపు అర్థము కూడా వసంతకాలమే.

ఈ దినములలో పిల్లలకు ఏమి చెప్పాలి అని అడిగితే మన సంఘాలలో రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. కొందరు, ఇవి శ్రమల దినములు, సిలువను గూర్చి మాత్రమే చెప్పండి, సంతోషపు కథలు ఈస్టరు తరువాత చెప్పుకోవచ్చు అంటారు. మరికొందరు, మేకులు, రక్తము, సమాధి ఇవన్నీ చెప్తే పసివాళ్ళు భయపడతారు, రంగు గుడ్లు, సీతాకోకచిలుకలు చాలు అంటారు. నేను చాలాకాలము ఈ రెండవ గుంపులోనే ఉన్నాను.

ప్రియులారా, ఒక చిన్న లెక్క వేసి చూడండి. భస్మ బుధవారము మొదలుకొని ఈస్టరు ముందు శనివారము వరకు లెక్కపెడితే 46 దినములు వస్తాయి. కాని మనము 40 దినములు అంటాము. ఆ ఆరు దినములు ఏమయ్యాయి? అవి ఆరు ఆదివారములు. ప్రభువు సమాధి నుండి లేచినది ఆదివారము గనుక ప్రతి ఆదివారము ఒక చిన్న పునరుత్థాన పండుగే అని పూర్వీకులు ఎంచి, వాటిని ఉపవాస దినముల లెక్కలో కలపలేదు. ఇప్పుడు ఆలోచించండి. మన పిల్లలకు సండే స్కూలు జరిగేది ఏ రోజున? ఆ లెక్కలోనికి రాని రోజునే! శ్రమల కాలము మధ్యలో ఉంటూనే పునరుత్థానపు వెలుగులో ఉన్న ఆరు ఉదయాలు దేవుడు పిల్లల కోసము మన చేతికి ఇచ్చాడు. వాటిలో నిరీక్షణ కథలు చెప్పడము తొందరపాటు కాదు. అయితే వాటిని ఎలా చెప్పాలి అన్నదే అసలు ప్రశ్న.

నేను చేసిన తప్పు

కొన్ని సంవత్సరముల క్రితము, శ్రమల దినములలో నాలుగవ ఆదివారము. ఇరవైమంది పిల్లలు చాపల మీద కూర్చున్నారు. ఫ్లానెల్ బోర్డు మీద బొమ్మలు పెట్టి యాయీరు కుమార్తె కథ చెప్తున్నాను. పెద్దల ఆరాధన మొదలయ్యే వేళ అయ్యింది, లోపలినుండి హార్మోనియము వినిపిస్తున్నది. తొందరలో కథ అంతా అయిదు నిమిషాలలో ముగించాను. పాపకు జబ్బు చేసింది, చనిపోయింది, యేసయ్య వచ్చి నిద్రపోతున్నది అన్నాడు, చెయ్యి పట్టుకొన్నాడు, పాప లేచింది. అందరూ చప్పట్లు కొట్టండి! పిల్లలు కొట్టారు.

ఒక పిల్ల మాత్రము కొట్టలేదు. ఎనిమిదేళ్ళు ఉంటాయి. చెయ్యి ఎత్తి, "టీచర్, మరి మా తమ్మున్ని ఎందుకు లేపలేదు?" అని అడిగింది.

అంతకు ముందటి వానాకాలములో ఆ పిల్ల తమ్ముడు జ్వరము వచ్చి మూడు రోజులలో చనిపోయాడు. నాలుగేళ్ళవాడు. సంఘమంతా ప్రార్థన చేసింది. చివరి రాత్రి నేను కూడా ఆ బాబు తల మీద చెయ్యి ఉంచి ప్రార్థించాను. కనుక ఆ పిల్ల ఊరికే అడగలేదు, తెలిసి అడిగింది. మేమందరము యాయీరు అడిగినట్టే అడిగాము కదా, మరి మా యింట్లో ఎందుకు జరగలేదు అని అడిగింది.

నాకు నోట మాట రాలేదు. అప్పుడు సమాధుల దగ్గర మనమందరము చెప్పుకొనే మాట ఒకటి నా నోటికి వచ్చింది. "దేవునికి మంచి పిల్లలంటే చాలా ఇష్టమమ్మా. అందుకే నీ తమ్మున్ని తొందరగా తన దగ్గరకు తీసుకొన్నాడు" అన్నాను. ఆ పిల్ల మళ్ళీ ఏమీ అడగలేదు. జవాబు బాగానే చెప్పాననుకొన్నాను.

రెండు వారాల తరువాత, మట్టలాదివారము ఆరాధన అయ్యాక ఆ పిల్ల నాయనమ్మ నన్ను ప్రక్కకు పిలిచింది. "టీచరమ్మా, ఈ పిల్లకు ఏమైందో తెలుస్తలేదు. ప్రార్థన చెయ్యమంటే చెయ్యది. మీరిచ్చిన బైబిలు బొమ్మల కార్డులు చింపేసింది. ప్రక్కింటి పిల్లను కొట్టింది. రాత్రి పండుకోమంటే పండుకోది, అర్ధరాత్రి లేచి వాళ్ళ నాయనను ఊపి లేపుతున్నది" అని చెప్పింది. ఎందుకే ఇట్ల చేస్తున్నవు అని అడిగితే ఆ పిల్ల ఏమన్నదో తెలుసా? "నేను మంచిగ ఉంటే దేవుడు నన్ను కూడ తీస్కపోతడు" అన్నదట.

ప్రియులారా, ఆ మాట నా గుండెలో గుచ్చుకొన్నది. దేవుని ప్రేమను గూర్చి చెప్తున్నాననుకొని, మంచి పిల్లలను వెదకి ఎత్తుకొనిపోయే దేవుడిని ఆ పసిదాని ముందు నిలబెట్టాను. ఆమె తన ప్రాణము కాపాడుకోవడానికి చెడ్డపిల్లగా మారింది. నిద్రపోతున్నది అన్న ఒక్క మాట పట్టుకొని, నాన్న నిద్రపోతే అది నిద్రో చావో తెలియక లేపి చూస్తున్నది. పిల్లలకు కథ చెప్పడము చిన్న పని కాదు. వాళ్ళు మనము చెప్పిన దానిని నమ్ముతారు, నమ్మిన దాని ప్రకారము బ్రతుకుతారు.

మంగళవారము సాయంత్రము వాళ్ళ యింటికి వెళ్ళాను. క్రింద చాప మీద ఆ పిల్ల ఎదురుగా కూర్చొని, "అమ్మా, నేను నీకు తప్పు చెప్పాను. నన్ను క్షమించు. నీ తమ్ముడు మంచివాడు గనుక చనిపోలేదు. జ్వరము వచ్చి చనిపోయాడు. నీవు మంచిగా ఉన్నందుకు దేవుడు నిన్ను ఎత్తుకొని పోడు" అన్నాను.

"మరి యేసయ్య ఎందుకు లేపలేదు?"

"నాకు తెలియదు తల్లీ. ఆ రాత్రి నేను కూడా అడిగాను."

"నీకు కూడ తెల్వదా? పాస్టరయ్యకు?"

"ఆయనకు కూడా తెలియదు."

ఆ పిల్ల కొంచెముసేపు నన్నే చూసింది. తరువాత నా ఒడిలో తల పెట్టి ఏడ్చింది. తమ్ముడు పోయినప్పటి నుండి అది ఏడవడము ఇదే మొదటిసారి అని నాయనమ్మ చెప్పింది. ఏడ్పు ఆగిన తరువాత బైబిలు తెరచి, అదే కథను ఈసారి మార్కు ఎలా వ్రాశాడో అలాగే, మెల్లగా చెప్పాను.

మార్కు ఆ కథ ఎలా చెప్పాడు?

మీ దగ్గర బైబిలు ఉంటే మార్కు సువార్త 5వ అధ్యాయము తీయండి. నాలుగు సంగతులు గమనించండి.

మొదటిది, మార్కు ఆలస్యమును దాటవేయలేదు. యాయీరు సమాజమందిరపు అధికారి. అంతటివాడు ప్రభువు పాదాల మీద పడి బ్రతిమాలాడు. ఇద్దరూ బయలుదేరారు. దారిలో, 12 సంవత్సరములుగా రక్తస్రావముతో బాధపడుతున్న ఒక స్త్రీ వెనుకనుండి వచ్చి ప్రభువు వస్త్రమును తాకింది. ప్రభువు ఆగిపోయాడు. తాకినది ఎవరు అని అడుగుతూ నిలబడ్డాడు. యింట్లో కూతురు చావుబ్రతుకుల మీద ఉంటే ఆ తండ్రికి ఆ నిమిషాలు ఎలా గడిచి ఉంటాయి? ఇంతలో యింటినుండి కబురు వచ్చింది, పాప చనిపోయింది అని. నేను అయిదు నిమిషాలలో చెప్పిన కథలో ఈ ఆలస్యము లేదు. కాని ప్రార్థన చేసి ఎదురుచూసిన యింటి పిల్లకు కథలో తన యిల్లు కనబడేది ఇక్కడే.

రెండవది, మార్కు ఏడ్పును దాటవేయలేదు. ఆ యింటిలో జనము పెద్దగా రోదించుచున్నారు. ప్రభువు మాట విని నవ్వినవారు కూడా ఉన్నారు. ఆ గుంపునంతా ఆయన బయటికి పంపించాడు. ఎవరిని లోపల ఉంచాడు? తల్లిని, తండ్రిని, తన శిష్యులలో ముగ్గురిని. కన్నవారి దుఃఖమును ఆయన బయటికి పంపలేదు, తనతోకూడ గదిలోనికి తీసుకొని వెళ్ళాడు. మనము పిల్లలతో, ఏడవకూడదు, నమ్మకము ఉన్నవాళ్ళు ఏడవరు అంటాము. బేతనియలో లాజరు సమాధి దగ్గర మన ప్రభువే కన్నీళ్ళు పెట్టుకొన్నాడు. ఇంకొక నిమిషములో లేపబోతున్నానని తెలిసికూడా ఏడ్చాడు! ఆయన ఏడ్చిన తరువాత మన పిల్లలను ఏడవవద్దని చెప్పడానికి మనమెవరము?

మూడవది, బైబిలు చెప్పని మాటను మనము చెప్పకూడదు. దేవుడు మంచి పిల్లలను ముందుగా తీసుకొంటాడన్న మాట బైబిలులో ఎక్కడ ఉన్నది? నేను వెదికాను, లేదు. మరణమును దేవుని స్నేహితుడని బైబిలు చెప్పలేదు. 1 కొరింథీయులకు 15:26 చూడండి, అది కడపట ఓడిపోవలసిన శత్రువని పౌలు వ్రాశాడు. అలాగే చిన్నపిల్లల దగ్గర నిద్రపోయాడు, ఊరికి వెళ్ళాడు అని చెప్పకండి. ఆరేడేళ్ళ లోపు పిల్లలు విన్నది విన్నట్టే తీసుకొంటారు. నిద్రపోయినవాడు లేవాలి, ఊరికి వెళ్ళినవాడు తిరిగి రావాలి. ప్రభువు ఆ గదిలో నిద్ర అన్నది మరణము ఆయన ముందు నిద్రపాటిదే గనుక. లేపగలిగినవాడు ఆ మాట అన్నాడు. మనము మాత్రము ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చనిపోయాడు అంటే ఊపిరి లేదు, నొప్పి లేదు, చలి లేదు, ఆకలి లేదు, శరీరము పనిచేయడము ఆగిపోయింది. ఈ మాట కఠినముగా వినిపించినా పిల్లలకు దీనివలన భయము తగ్గుతుంది.

నాలుగవది, యాయీరు యింటి దగ్గరే ఆగిపోకూడదు. ప్రభువు లేపినవారు సువార్తలలో ముగ్గురు కనబడుచున్నారు. యాయీరు కుమార్తె, నాయీను విధవరాలి కుమారుడు, లాజరు. ఈ ముగ్గురూ తరువాత ఏమయ్యారు? మనందరివలెనే మరల చనిపోయారు. లాజరునైతే చంపివేయాలని యాజకులు ఆలోచన కూడా చేశారు. కనుక వారి లేవడము ఒక గురుతు, ఒక సూచన. యేసుక్రీస్తు లేవడము వేరు. ఆయన మరల చనిపోడు. పౌలు ఆయనను ప్రథమఫలము అని పిలిచాడు. పల్లెలో పెరిగినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. పొలములో మొదటి వరికంకి పండింది అంటే మిగతా చేను కూడా పండుతున్నది అని అర్థము. ఆ పిల్ల తమ్ముని గూర్చిన నిరీక్షణ యాయీరు యింటి మీద ఆధారపడలేదు. అది తోటలో ఖాళీ అయిన సమాధి మీద ఆధారపడి ఉన్నది. అందుకే సిలువను దాచిపెట్టి నిరీక్షణను చెప్పలేము. చావు సంగతి చెప్పకపోతే లేవడము అన్న మాటకు అర్థమే ఉండదు.

కథ చివరిలో ఇంకొక ముచ్చట ఉన్నది. మార్కు తన సువార్తను గ్రీకు భాషలో వ్రాశాడు. కాని ప్రభువు పాప చెయ్యి పట్టుకొని పలికిన తలీతాకుమీ అనే మాటను మాత్రము ఆయన యింటి భాషలోనే ఉంచాడు. మన యిండ్లలో పొద్దున్నే అమ్మ "లే బిడ్డా" అని లేపుతుంది చూడండి, అటువంటి మాట అది. పాప లేచి నడిచింది. వెంటనే ప్రభువు ఆమెకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడు. ఎంత గొప్ప అద్భుతము చేసినా పాప ఆకలి ఆయనకు గుర్తున్నది! ఈ మాట చెప్పినప్పుడు ఆ పిల్ల మొదటిసారి నవ్వింది. "ఏం పెట్టిన్రు టీచర్?" అని అడిగింది.

మెదక్ కిటికీలు

ఆ వేసవిలో పిల్లలను మెదక్ మహాదేవాలయమునకు తీసుకొని వెళ్ళాము. అది కరువు కాలములో రెవరెండు చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి ఆధ్వర్యములో, ఆకలితో వచ్చిన ప్రజలకు పని ఇచ్చి అన్నము పెట్టి కట్టించిన గుడి అని, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిందని మీలో చాలామందికి తెలుసు. లోపల రంగు అద్దాలతో చేసిన మూడు గొప్ప కిటికీలు ఉన్నాయి. ఒకదానిలో ప్రభువు జననము, ఒకదానిలో సిలువ, ఒకదానిలో ఆరోహణము. మా పిల్లలలో ఒక అబ్బాయి, "సిలువ బొమ్మ ఎందుకు టీచర్, అన్నీ సంతోషమైనవే పెట్టొచ్చు కదా" అన్నాడు. ఈ గుడి కట్టినవారు ఆకలితో వచ్చినవారు నాన్నా, బాధపడే దేవుడు వాళ్ళకు కావాలి అన్నాను.

ఆ అద్దాలలో ఒక విశేషమున్నది. బయటనుండి వచ్చే పగటి వెలుగులోనే ఆ బొమ్మలు కనబడతాయి. ప్రొద్దు క్రుంకిన తరువాత లోపల ఎన్ని దీపాలు పెట్టినా కనబడవు. సిలువ కథ కూడా అంతే. దాని వెనుక పునరుత్థానపు వెలుగు ఉంటేనే పిల్లలకు అది కనబడుతుంది. వెలుగు లేకుండా చూపిస్తే చీకటి గోడ మాత్రమే.

ఆరు ఆదివారములు, ఆరు కథలు

ఆ మరుసటి సంవత్సరము నుండి మా సండే స్కూలులో శ్రమల దినముల ఆరు ఆదివారములకు ఆరు కథలు ఏర్పాటు చేసుకొన్నాము. మీకు ఉపయోగపడితే వ్రాసుకోండి.

మొదటి ఆదివారము: నోవహు పావురము (ఆదికాండము 8). పావురము మొదటిసారి కాలు పెట్టడానికి చోటు లేక తిరిగి వచ్చింది. ఏడు దినములు ఆగారు. రెండవసారి ఒక ఒలీవ ఆకు తెచ్చింది. చెట్టంతా తేలేదు, ఒక్క ఆకు. నిరీక్షణ మొదట అంతే ఉంటుంది. పిల్లలను తమ వీధిలో ఒక చిగురు వెదకి తెమ్మనండి.

రెండవ ఆదివారము: సారెపతు విధవరాలు (1 రాజులు 17). పిండి, నూనె తరిగిపోని సంగతి చెప్పి ఆపేయకండి. ఆ తరువాత ఆమె కుమారుడు చనిపోయాడు. ఆమె ప్రవక్తతో కోపముగా మాట్లాడింది. ఏలీయా ఆమెను గద్దించలేదు, పిల్లవాడిని తన చేతులలోనికి తీసుకొని మేడగదికి వెళ్ళి, మూడుమార్లు వాని మీద పారచాచుకొని ప్రార్థించాడు. దేవుని మీద కోపము వచ్చినప్పుడు ఆ సంగతి దేవునికే చెప్పవచ్చని పిల్లలు నేర్చుకొంటారు.

మూడవ ఆదివారము: ఎండిన యెముకలు (యెహెజ్కేలు 37). మగపిల్లలకు ఇది చాలా ఇష్టము! యెముకలు దగ్గరకు వచ్చాయి, నరములు వచ్చాయి, మాంసము వచ్చింది, చర్మము కప్పింది, అయినా జీవము లేదు. ఊపిరి వచ్చిన తరువాతనే లేచి నిలబడ్డారు. దేవుడు అంచెలంచెలుగా పని చేస్తాడని చెప్పండి. చాపల మీద పడుకోబెట్టి ఆడించండి. ఈ రోజే ఒక్కొక్కరి చేత పాత డబ్బాలో చిక్కుడు గింజ నాటించండి.

నాలుగవ ఆదివారము: యాయీరు కుమార్తె. తొందరపడకండి. ఎవరి యింట్లో ఎవరు చనిపోయారో చెప్పుకోవడానికి ఇష్టమైన పిల్లలను చెప్పనివ్వండి, ఇష్టము లేనివారిని బలవంతము చేయకండి. చివరిలో అందరికీ అరటిపండో, బిస్కట్లో పెట్టండి, ప్రభువు పెట్టమన్నాడు గనుక.

అయిదవ ఆదివారము: లాజరు (యోహాను 11). కబురు విన్న తరువాత కూడా ప్రభువు రెండు దినములు ఆగాడు. మార్త అడిగింది, మరియ ఏడ్చింది, ఆయన కూడా ఏడ్చాడు. లాజరు లేచాడు గాని కట్లు విప్పే పనిని ప్రభువు చుట్టూ ఉన్నవారికి అప్పగించాడు. ఒక పిల్లవాడికి పాత చీర పీలికలు చుట్టి మిగిలినవారి చేత విప్పించండి. దుఃఖములో ఉన్నవారి కట్లు విప్పడము మన పని.

ఆరవది మట్టలాదివారము: గోధుమ గింజ (యోహాను 12). మట్టలు పట్టుకొన్న తరువాత చిక్కుడు డబ్బాలు తెప్పించండి. నాటిన గింజ ఇప్పుడు ఎక్కడుందో వెదకమనండి. అది వాడి, ముడుచుకొని, రాలిపోయి ఉంటుంది. మొక్క మాత్రము నిలబడి ఉంటుంది. ప్రభువు ఆ వారములోనే తన మరణమును గూర్చి గింజ పోలికతో చెప్పాడని అప్పుడు చెప్పండి. వివరించనక్కరలేదు, వాళ్ళకు అర్థమవుతుంది.

శుభ శుక్రవారము కథను సమాధి ద్వారమునకు రాయి దొర్లించిన చోట ఆపండి. "తరువాత?" అని పిల్లలు అడుగుతారు. "ఆదివారము" అనండి, అంతే. శిష్యులు కూడా ఆ రెండు రాత్రులు ఆగవలసి వచ్చింది.

తల్లిదండ్రులారా, ఇది టీచర్ల పని మాత్రమే అనుకోకండి. వారానికి ఒక్క అరగంటలో మేము ఎంత చెప్పగలము? రాత్రి టీవీ కట్టేసి పది నిమిషాలు మీరే చెప్పండి. చదువురాని నాయనమ్మ చెప్పిన కథ, చదువుకొన్న టీచరు చెప్పిన కథకంటె ఎక్కువ కాలము గుర్తుంటుంది.

సమాధుల తోటలో

ఇక ఆ పిల్ల సంగతి చెప్పి ముగిస్తాను. మన తెలుగు సంఘములలో చాలా చోట్ల పునరుత్థాన దినమున తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్ళి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడుకొనే ఆచారము ఉన్నది కదా. ఆ సంవత్సరము, నేను క్షమాపణ అడిగిన అయిదవ దినమున, చీకటి ఉండగానే మేమందరము వెళ్ళాము. ఆ కుటుంబము కూడా వచ్చింది. చిన్న సమాధి, కొత్తగా సున్నము వేశారు. తండ్రి కొవ్వొత్తి వెలిగించాడు. తల్లి నిలబడలేక కూర్చుండిపోయింది.

ఆ పిల్ల గౌను జేబులోనుండి ఒక బిస్కట్ల పొట్లము తీసి సమాధి మీద పెట్టబోయింది. నాయనమ్మ గబుక్కున చెయ్యి పట్టుకొని, "ఇదేందే, మనము సమాధులకు తిండి పెట్టము" అన్నది. ఆ పిల్ల, "తమ్ముడు లేచినప్పుడు ఆకలేస్తది కదా. యేసయ్య తినబెట్టమన్నడు కదా" అన్నది.

అక్కడున్న పెద్దలలో ఒక్కరికీ మాట రాలేదు. నన్ను చూశారు. ఈసారి తొందరపడలేదు. "లేస్తాడు తల్లీ. యేసయ్య పిలిచిన రోజున తప్పక లేస్తాడు. ఆ రోజు ఎప్పుడో నాకు తెలియదు. ఆ రోజు వాడికి యేసయ్యే తినబెడతాడు" అన్నాను.

ఆ పిల్ల ఆలోచించింది. గేటు దగ్గర పూలు అమ్మేవాళ్ళ పిల్లలు ఇద్దరు నిలబడి మమ్మల్నే చూస్తున్నారు. పొట్లము చింపి వాళ్ళ దగ్గరకు నడిచి, వాళ్ళ చేతులలో పెట్టింది. ఒక్క బిస్కట్టు మాత్రము తిరిగి తెచ్చి తమ్ముని సమాధి మీద పెట్టింది. నాయనమ్మ ఏమీ అనలేదు. నేనూ వద్దనలేదు. అప్పటికి తూర్పున తెల్లవారుతున్నది.

ప్రియ శ్రోతలారా, ఆ పిల్ల ప్రశ్నకు నా దగ్గర ఈ రోజుకూ జవాబు లేదు. కాని ఆ ప్రశ్నను ఎవరి దగ్గరకు తీసుకొని వెళ్ళాలో తెలుసు. ఈ శ్రమల దినములలో మీ యింట్లో ఉన్న పిల్లలను దగ్గరకు పిలవండి. వాళ్ళు చూసిన చావులను గూర్చి వాళ్ళను మాట్లాడనివ్వండి. తెలియనిది తెలియదని చెప్పండి. తెలిసినది, అంటే క్రీస్తు లేచాడని, ధైర్యముగా చెప్పండి. చివరిలో వాళ్ళకు తినడానికి ఏమైనా పెట్టండి.

ప్రార్థన చేసుకొందాము. ప్రేమగల తండ్రీ, మా చేతులకు అప్పగించిన చిన్నబిడ్డల కొరకు నీకు స్తోత్రము. మేము తెలియక చెప్పిన తప్పు మాటల వలన నిన్ను చూసి భయపడిన పిల్లలను నీవే దగ్గరకు తీసుకొనుము. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిదండ్రులను, తోబుట్టువులను పోగొట్టుకొన్న పిల్లలను ఓదార్చుము. నీవు ఏడ్చినవాడవని, నీవు లేచినవాడవని మా యిండ్లలో సత్యముగా చెప్పే నోరు మాకు దయచేయుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.